నిచ్చెనకు మొదటి మెట్టు ఉండాలి

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని మిమ్మల్ని అడగని పెద్దవాళ్లు ఉండరు. డాక్టరనో, ఇంజనీరనో, టీచరనో చెప్పి మీరు తప్పించుకుంటారు. ఈమధ్య ఆ ప్రశ్నకు తోకలాగా ఇంకో ప్రశ్న వచ్చి చేరింది. "నువ్వు పెద్దయ్యే సరికి ఆ ఉద్యోగం ఉంటుందా? అంతా కంప్యూటరే చేసేస్తుందేమో!"

2022 నవంబరులో చాట్‌జీపీటీ అనే ప్రోగ్రాం జనం చేతికి వచ్చినప్పటినుంచీ ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. కృత్రిమ మేధ వచ్చి ఉద్యోగాలన్నీ మింగేస్తుందని కొందరంటారు. ఏమీ ఫరవాలేదు, పోయినవాటికన్నా కొత్తవే ఎక్కువ వస్తాయని మరికొందరంటారు. రెండూ జోస్యాలే. జోస్యం చెప్పడం సైన్సు పద్ధతి కాదు. ముందు ఆ యంత్రం ఏం చేయగలదో చూడాలి. ఇలాంటి యంత్రాలు వెనక వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడాలి. ఆ తరవాత అభిప్రాయం చెప్పాలి. మనం కూడా ఆ వరసలోనే పోదాం.

యంత్రం ఎలా నేర్చుకుంటుంది?

మామూలు కంప్యూటరు మనం చెప్పిన సూత్రం ప్రకారం పనిచేస్తుంది. బారువడ్డీ లెక్క కట్టాలనుకోండి. అసలును వడ్డీ రేటుతో గుణించు, సంవత్సరాలతో గుణించు, 100తో భాగించు అని చెబితే చాలు. లక్షమంది ఖాతాలకైనా అది క్షణంలో లెక్క కట్టేస్తుంది. ఎందుచేతనంటే, ఆ పనికి సూత్రం ఉంది. ఆ సూత్రం మనకు తెలుసు.

మరి చేతిరాతలో 'ప' ఏదో, 'వ' ఏదో గుర్తుపట్టడానికి సూత్రం చెప్పగలరా? ప్రయత్నించి చూడండి. ఒకరు గుండ్రంగా రాస్తారు, ఒకరు కోలగా రాస్తారు. ఒకరి 'ప' పైన కలిసిపోయి 'వ'లాగా కనిపిస్తుంది. సూత్రాలు రాస్తూ కూచుంటే తెల్లవారిపోతుందిగాని పని తెమలదు. అయినా ఒకటో తరగతి పిల్లవాడు కొన్నాళ్లకు ఠక్కున గుర్తుపడతాడు. వాడికి సూత్రం ఎవరూ చెప్పలేదు. ఎన్నో 'ప'లూ, ఎన్నో 'వ'లూ చూశాడు, తప్పు చెప్పినప్పుడల్లా ఎవరో సరిదిద్దారు. అంతే.

కృత్రిమ మేధ కూడా దాదాపు ఇలాగే నేర్చుకుంటుంది. దాని లోపల బోలెడన్ని సంఖ్యలుంటాయి. ఒక్కొక్క ఉదాహరణ చూపించినప్పుడు అది జవాబు చెబుతుంది. జవాబు తప్పయితే, ఆ తప్పు తగ్గేట్టుగా లోపలి సంఖ్యలు కాస్త కాస్త మారతాయి. ఇలా లక్షలసార్లు, కోట్లసార్లు జరుగుతుంది. పెద్ద యంత్రాల్లో ఈ సంఖ్యలు వేల కోట్లు ఉంటాయి. మెదడులోని నాడీకణాల అల్లికను చూసి తోచిన ఆలోచన కాబట్టి దీన్ని నాడీజాలం అంటారు. దీనికి పునాదులు వేసినందుకే జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్ అనే ఇద్దరికి 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక మాటలు చెప్పే యంత్రం సంగతి. "ఆకాశంలో నల్లని ____ కమ్ముకున్నాయి." ఈ ఖాళీ పూరించండి. మీరు 'మబ్బులు' అంటారు. 'చెంచాలు' అని ఎవరూ అనరు. ఇలాంటి వాక్యాలు మీరు ఎన్నోసార్లు విన్నారు కాబట్టి, అక్కడ ఏ మాట వస్తుందో మీకు తెలుసు. యంత్రం కూడా కొండంత రాతను చదివి, ఒక మాట తరవాత ఏ మాట రావచ్చునో అంచనా కట్టడం నేర్చుకుంటుంది. ఒక ముక్క తరవాత ఒక ముక్క పేర్చుకుంటూ పోయి జవాబు తయారు చేస్తుంది.

దాని బలమూ, దాని లోపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. ఏ పనికి ఉదాహరణలు కుప్పలుగా దొరుకుతాయో ఆ పనిలో అది చురుకైనది. ఉత్తరాలు రాయడం, చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయడం, ఒక భాషలోది మరో భాషలోకి మార్చడం, ఖాతాదారుల మామూలు ప్రశ్నలకు జవాబివ్వడం ఇలాంటివే. కాని అది పేర్చేది నమ్మశక్యంగా ఉండే మాటలు. నమ్మశక్యంగా ఉన్నదల్లా నిజం కాదు కదా!

2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు కోర్టుకు ఒక పత్రం దాఖలు చేశారు. అందులో ఉదహరించిన పాత తీర్పుల్లో కొన్ని అసలు లేనే లేవు. చాట్‌జీపీటీ వాటిని కల్పించింది. జడ్జి వాళ్లకు 5,000 డాలర్ల జరిమానా విధించాడు. 2024లో కెనడాలో మరో తీర్పు వచ్చింది. ఎయిర్ కెనడా విమాన కంపెనీ వెబ్‌సైటులో ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రాం ఒక ప్రయాణికుడికి టిక్కెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆ ప్రోగ్రాం చెప్పినదానికి ఆ ప్రోగ్రామే బాధ్యత వహించాలన్నట్టుగా కంపెనీ వాదించింది. ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, ప్రయాణికుడికి డబ్బు కట్టించింది. న్యాయమే కదూ? యంత్రం జరిమానా కట్టదు, క్షమాపణ చెప్పదు, రాత్రి నిద్రపట్టక దొర్లదు. పని యంత్రం చేసినా, బాధ్యత మాత్రం మనిషిదే.

ఉద్యోగం అంటే ఒకే పని కాదు

బ్యాంకులో కౌంటరు దగ్గర కూచున్న ఉద్యోగిని మీరు చూసే ఉంటారు. ఆయన ఏం చేస్తాడు? నోట్లు లెక్కపెడతాడు. సంతకం సరిచూస్తాడు. దొంగనోటు పట్టుకుంటాడు. ఫారం నింపడం రాని ముసలమ్మకు ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపిస్తాడు. ఎవరో ఫోనులో చెప్పారని కంగారుగా డబ్బంతా పంపించేయబోతున్న మనిషిని "ఆగండి, వాళ్లెవరో తెలుసా మీకు?" అని ఆపుతాడు. అంటే ఉద్యోగం ఒక పని కాదన్నమాట, పనుల మూట. యంత్రం వచ్చినప్పుడు సాధారణంగా మూట మొత్తాన్ని ఎత్తుకుపోదు. మూటలోంచి కొన్ని తీసుకుంటుంది.

డబ్బులిచ్చే యంత్రం, అదే ఏటీఎం, 1967లో లండన్ ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ అనే చోట ఒక బ్యాంకు గోడలో మొదటిసారి కనిపించింది. మన దేశంలోకి 1987లో బొంబాయికి వచ్చింది. ఇక కౌంటర్లలో మనుషులు ఉండరని చాలామంది అనుకున్నారు. అమెరికాలో జరిగింది చూడండి. అక్కడి నగరాల్లో ఒక్కొక్క బ్యాంకు శాఖలో 1988లో సగటున 20 మంది కౌంటరు ఉద్యోగులుంటే, 2004 నాటికి 13 మంది అయ్యారు. కాని శాఖ నడపడానికి అయ్యే ఖర్చు తగ్గింది కాబట్టి, బ్యాంకులు ఇంకా ఎన్నో కొత్త శాఖలు తెరిచాయి. మొత్తం కౌంటరు ఉద్యోగుల సంఖ్య చాలా ఏళ్లపాటు తగ్గలేదు.

"చూశారా, యంత్రం వల్ల ఉద్యోగాలు పోవు!" అని కొందరు ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. కథ అక్కడ ఆగలేదు. తరవాత బ్యాంకు పనంతా ఫోనులోకి వచ్చేసింది. శాఖకు వెళ్లే అవసరమే తగ్గిపోయింది. 2010 దాటాక అమెరికాలో ఆ ఉద్యోగాల సంఖ్య తగ్గుతూ వచ్చింది. మొదటి యంత్రం మూటలోంచి ఒక పని తీసుకుంది, రెండోది మూటతో అవసరమే లేకుండా చేసింది. అంచేత ఎవరైనా ఒక్క ఉదాహరణ చెప్పి తీర్పు ఇచ్చేస్తే మీరు వెంటనే ఒప్పేసుకోకండి. "ఆ తరవాతేమయింది?" అని అడగండి.

మొదట ఏ పని పోతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. యంత్రం మూటలోంచి ఏ పనిని ముందు తీసుకుంటుంది? సులువైనదాన్ని. పదేపదే చేసేదాన్ని. చూడబోతే మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఆ సులువైన పని ఎవరు చేసేవారో ఆలోచించండి. కొత్తగా చేరినవాళ్లు!

పాతకాలపు అచ్చుకూటం తీసుకోండి. అప్పుడు పుస్తకాలు సీసపు అక్షరాలతో అచ్చయ్యేవి. కంపోజిటర్ అరలరల చెక్కపెట్టె ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరాన్నీ ఏరి పేర్చేవాడు. ఇంగ్లీషుకు 26 అక్షరాలైతే, గుణింతాలూ వత్తులూ కలుపుకొని తెలుగుకు ఎన్ని అరలు కావాలో ఊహించుకోండి! పనిలో చేరిన కుర్రవాడికి మొదటిరోజే కంపోజింగ్ ఎవరూ ఇవ్వరు. అచ్చు అయిపోయిన పేజీని విడదీసి, ఏ అక్షరాన్ని ఆ అరలో తిరిగి వేయమంటారు. చూడడానికి అది వట్టి చాకిరీ. కాని ఆ చాకిరీ చేస్తూ చేస్తూ ఏ అక్షరం ఏ అరలో ఉందో వాడి చేతికే తెలిసిపోతుంది. సీసంలో అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి, తలకిందుల రాత చదవడం కూడా వచ్చేస్తుంది. కొన్నాళ్లకు వాడే కంపోజిటర్ అవుతాడు. ఆ చాకిరీయే నిచ్చెనకు మొదటి మెట్టు.

కంప్యూటర్లతో అక్షరాలు కూర్చే పద్ధతి వచ్చాక ఆ పెట్టెలు మూలపడ్డాయి. అక్కడ నిచ్చెన మొత్తమే పోయింది. కృత్రిమ మేధ విషయంలో జరుగుతున్నది కాస్త వేరు. నిచ్చెన పైమెట్లు అలాగే ఉండి, మొదటి మెట్టు మాత్రం పోయే ప్రమాదం ఉంది. అది ఎంత విచిత్రమైన సంగతో చూడండి. పైన ఉద్యోగం ఖాళీగానే ఉంటుంది, ఎక్కే దారి ఉండదు!

హలో గర్ల్స్ కథ

మొదటి మెట్టు పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహించుకోనక్కరలేదు. నూరేళ్ల కిందటి సంగతి ఒకటి ఉంది.

టెలిఫోను వచ్చిన కొత్తలో నంబరు మనం తిప్పేవాళ్లం కాదు. ఫోను ఎత్తితే ఎక్స్ఛేంజిలో ఒక అమ్మాయి పలికేది. ఎవరు కావాలో చెబితే, ఆమె తీగ తీసి రంధ్రంలో గుచ్చి రెండు ఫోన్లనూ కలిపేది. అమెరికాలో వీళ్లను ముద్దుగా 'హలో గర్ల్స్' అనేవారు. చదువు ముగించి మొదటిసారి ఉద్యోగానికి వచ్చే ఆడపిల్లలకు అది పేరున్న పని. మన దేశంలో కూడా దూరపు ఊరికి మాట్లాడాలంటే ఆపరేటరుకు చెప్పి, ట్రంక్ కాల్ బుక్ చేసి, గంటలకొద్దీ కాచుకుని కూచునేవారు. ఆపరేటరు సాయం లేకుండా వేరే ఊరికి నేరుగా మాట్లాడే సౌకర్యం 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది.

ఆపరేటరు అక్కరలేకుండా తనంతట తానే లైను కలిపే యంత్రాన్ని ఆల్మన్ స్ట్రోజర్ అనే అమెరికన్ కనిపెట్టాడు. 1891లో పేటెంటు పొందాడు. ఆయన ఇంజనీరు కాదు, శవసంస్కారాలు జరిపించే వ్యాపారి! 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే ఊళ్లో ఆ యంత్రంతో మొదటి ఎక్స్ఛేంజి పెట్టారు. పెద్దదైన బెల్ కంపెనీ మాత్రం 1919 దాకా ఆగి, ఆ తరవాత ఒక్కొక్క ఊరినీ మార్చుకుంటూ వచ్చింది. 1940 నాటికి సగానికి పైగా యంత్రాలే లైన్లు కలుపుతున్నాయి.

ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క సంవత్సరంలో మార్పు జరగడం పరిశోధకులకు కలిసివచ్చింది. మారిన ఊళ్లనూ మారని ఊళ్లనూ పోల్చి చూడవచ్చు. జేమ్స్ ఫైగెన్‌బామ్, డేనియల్ గ్రాస్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు పాత జనాభా లెక్కలు తిరగేసి ఈ పనే చేశారు. వాళ్లకు రెండు సంగతులు కనిపించాయి.

మొదటిది: యంత్రం వచ్చిన ఊళ్లలో ఆపరేటరు ఉద్యోగాలు ఒక్కసారిగా పడిపోయినా, తరవాత ఎదిగివచ్చిన ఆడపిల్లలకు మొత్తం మీద ఉద్యోగాలు తగ్గలేదు. టైపిస్టులుగా, సెక్రటరీలుగా, హోటళ్లలో ఉద్యోగులుగా వాళ్లు వేరే దారులు పట్టారు. రెండోది: యంత్రం వచ్చేనాటికే ఆపరేటర్లుగా ఉన్నవాళ్లు మాత్రం దెబ్బతిన్నారు. పదేళ్ల తరవాత చూస్తే, అలాంటివాళ్లలో ఏ పనీ లేనివాళ్లు ఎక్కువ. పని దొరికినవాళ్లలో కూడా తక్కువ జీతానికి దిగిపోయినవాళ్లు ఎక్కువ.

"దేశం మొత్తం లెక్క చూస్తే నష్టమేమీ లేదు" అని చెప్పడం సులువు. కాని 'దేశం మొత్తం' అనే పేరుగల మనిషి ఎక్కడా ఉండడు. లాభం ఫోను వాడే అందరికీ కొంచెం కొంచెంగా పంచుకుపోయింది. నష్టం మాత్రం కొద్దిమంది నెత్తిన కుప్పగా పడింది.

ఇప్పటి సంగతి

మన రోజులకు వద్దాం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే పనులేమిటి? ఉత్తరం చిత్తుప్రతి రాయడం, పద్దులు సరిచూడడం, పెద్ద ప్రోగ్రాంలో చిన్న తప్పు పట్టుకోవడం, ఖాతాదారుల తేలిక ప్రశ్నలకు జవాబివ్వడం. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ మన తెలుగు ఊళ్లనుంచి వెళ్లిన వేలాదిమంది ఇలాంటి పనులతోనే ఉద్యోగం ఆరంభించారు. ఇందాక చెప్పుకున్నాం కదా, యంత్రం చురుగ్గా చేయగలిగిన పనులు సరిగ్గా ఇవే.

2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు లక్షలమంది జీతాల లెక్కలు పరిశీలించారు. కృత్రిమ మేధ బాగా చొరబడగల వృత్తుల్లో, 22 నుంచి 25 ఏళ్ల వయసువాళ్ల ఉద్యోగాలు 2022 చివరినుంచి మిగతావారితో పోలిస్తే సుమారు 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లో ఉన్న పెద్దవాళ్లకు అలాంటి దెబ్బ తగలలేదు. ఇదంతా యంత్రం వల్లనేనా, వేరే ఆర్థిక కారణాలు కూడా ఉన్నాయా అనే వాదన ఇంకా తేలలేదు. కాని తగ్గింది ఎక్కడో గమనించండి. మొదటి మెట్టు దగ్గర!

అయితే యంత్రం మొదటి మెట్టును తీసేసి తీరుతుందా? అక్కరలేదు. 2023లో వెలువడిన మరో పరిశోధన చూడండి. ఒక కంపెనీలో ఖాతాదారుల ప్రశ్నలకు జవాబిచ్చే 5,000 మందికి పైగా ఉద్యోగుల పనిని పరిశీలించారు. అక్కడ యంత్రం మనిషికి బదులుగా మాట్లాడలేదు. పక్కన ఉండి, "ఇలా చెప్పి చూడండి" అని సలహా ఇచ్చింది, అంతే. అనుభవం ఉన్నవాళ్లకు దానివల్ల పెద్ద తేడా రాలేదు. కొత్తవాళ్లు మాత్రం గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య మూడోవంతు దాకా పెరిగింది. ఎందుచేత? మంచి ఉద్యోగులు ఎలా జవాబిస్తారో యంత్రం చూసి నేర్చుకుని, దాన్నే కొత్తవాళ్లకు అందించింది. పెద్దన్న పక్కన కూచుని నేర్పినట్టయింది.

యంత్రం ఒకే రకానిది. ఒకచోట కొత్తవాళ్ల చోటు అది ఆక్రమిస్తుంది, ఇంకోచోట కొత్తవాళ్లకు చెయ్యి అందిస్తుంది. ఈ తేడా యంత్రంలో లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన మనిషిలో ఉంది.

ఆ నిర్ణయం మార్చుకోవచ్చు కూడా. స్వీడన్ దేశపు క్లార్నా అనే కంపెనీ, ఖాతాదారులతో మాట్లాడే తమ యంత్రం 700 మంది చేసేంత పని చేస్తోందని 2024లో గొప్పగా ప్రకటించింది. 2025లో మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. ఖర్చు తగ్గించడం మీదే చూపు పెడితే పనిలో నాణ్యత తగ్గిందని కంపెనీ అధిపతే ఒప్పుకున్నాడు.

నేను అనేదేమిటంటే

యంత్రాలు వద్దని నేననను. తలమీద రాళ్లు మోసే కూలీకి క్రేను వస్తే మంచిదే. రోజంతా ఒకే అంకెలు ఎక్కించే గుమాస్తాకు ఆ బాధ తప్పితే మంచిదే. కాని యంత్రం వల్ల మిగిలిన డబ్బు అందరికీ చెందినప్పుడు, దానివల్ల కలిగే నష్టం కొద్దిమందికే వదిలేయడం న్యాయం కాదు. అంచేత మూడు మాటలు చెబుతాను.

ఒకటి: కృత్రిమ మేధను వాడే ప్రతి పెద్ద సంస్థా నేర్చుకునేవాళ్లకు చోటు ఉంచాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఫ్యాక్టరీల్లో పని నేర్చుకునేవాళ్లను తీసుకోవాలని మన దేశంలో 1961లోనే అప్రెంటిస్ చట్టం చేశారు. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, 30 మంది అంతకు పైగా పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. యంత్రం ఎంత ఎక్కువగా వాడితే అంత ఎక్కువమందికి నేర్పాలనే షరతు పెట్టవచ్చు కదా?

"కంపెనీ ధర్మసత్రం కాదు, యంత్రం చవగ్గా చేసే పనికి కుర్రవాళ్లను ఎందుకు పెట్టుకోవాలి?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. దానికి జవాబు రైతును అడగండి. విత్తనాలకని దాచిన గింజలు వండుకు తింటే ఆ పూటకు కడుపు నిండుతుంది. వచ్చే ఏడు పొలంలో చల్లడానికేముంటుంది? ఇవాళ యంత్రం తప్పును పట్టుకోగలిగిన అనుభవజ్ఞుడు ఒకప్పుడు ఏమీ రాని కుర్రవాడే. ఇవాళ కుర్రవాళ్లను తీసుకోకపోతే ఇరవై ఏళ్ల తరవాత అనుభవజ్ఞుడు ఎక్కడినుంచి వస్తాడు? పక్క కంపెనీ నేర్పితే మనం తెచ్చుకుందామని ఒక్కొక్కరూ అనుకుంటే, చివరకు నేర్పేవాళ్లెవరూ మిగలరు. అందుకే దీన్ని ఎవరి ఇష్టానికి వాళ్లను వదలకుండా చట్టంతో కట్టాలంటున్నాను.

రెండు: ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు యంత్రం వచ్చాక కాదు, రాకముందే కొత్త పని నేర్పాలి. అది కూడా జీతం ఇస్తూ నేర్పాలి. నలభై అయిదేళ్ల మనిషిని బయటికి పంపి, "కొత్త విద్య నేర్చుకుని రా" అంటే, పిల్లల ఫీజులు ఎవరు కడతారు? టెలిఫోను ఆపరేటర్లను అలా వదిలేసినందువల్ల ఏం జరిగిందో మనకు తెలుసు. తెలిసి కూడా మళ్లీ అలాగే చేస్తే, అది యంత్రం తప్పు కాదు.

మూడు: యంత్రం చేసిన పని కింద మనిషి సంతకం ఉండాలి. అప్పు ఇవ్వనన్నా, ఉద్యోగానికి పనికిరావన్నా, పింఛను ఆపేసినా, ఎందుకో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. "కంప్యూటర్ అలా చెప్పిందండీ" అనేది జవాబు కాదు.

మీ వంతు

ఇదంతా పెద్దవాళ్లు చేయవలసిన పని. మీరు చేయవలసింది కూడా ఒకటుంది. మీ బడిలో కూడా ఒక నిచ్చెన ఉంది. ఎక్కాలు, చేతిలెక్కలు, సొంతంగా వ్యాసం రాయడం, చదివినదాన్ని మీ మాటల్లో చెప్పడం దాని మొదటి మెట్లు. ఇప్పుడు ఫోనులో అడిగితే వ్యాసం క్షణంలో వచ్చేస్తుంది. దాన్ని ఎత్తి రాసేస్తే మార్కులు పడవచ్చు. కాని సీసపు అక్షరాలు ఒక్కటి కూడా ముట్టుకోకుండా కంపోజిటర్ అయిపోదామనుకున్న కుర్రవాడికీ మీకూ తేడా ఏమిటి?

చిన్న ఉదాహరణ చూడండి. 48ని 52తో గుణించాలి. క్యాలిక్యులేటరు నొక్కితే 24,960 అని వచ్చిందనుకోండి. చేతిలెక్క వచ్చినవాడు వెంటనే ఆగుతాడు. "రెండూ యాభైకి దగ్గరివే. యాభై యాభైలు 2,500. మరి ఇరవై నాలుగు వేలు ఎలా వస్తుంది? ఎక్కడో ఒక సున్నా ఎక్కువ నొక్కాను" అంటాడు. మళ్లీ చేస్తే 2,496 వస్తుంది. చేతిలెక్క రానివాడు 24,960 అనే రాసుకుపోతాడు. ఇద్దరి చేతిలోనూ ఒకే యంత్రం ఉంది. ఒకడు దానికి యజమాని, ఇంకొకడు దానికి గుమాస్తా.

కృత్రిమ మేధను అసలు ముట్టుకోవద్దని చెప్పను. అర్థం కానిది వివరించమని అడగండి. మీరు రాసిన వ్యాసంలో లోపాలు చూపించమనండి. అది చెప్పినది నిజమో కాదో పుస్తకంలో చూసి, మాస్టారిని అడిగి సరిచూడండి. ముందు మీరు రాయండి, తరవాత దాన్ని అడగండి. ఆ వరస తిరగబడకుండా చూసుకుంటే చాలు.

ఈ నెల ఒక పని చేయండి

మీ ఊళ్లో మీకు తెలిసిన ఒకరి దగ్గరికి వెళ్లండి. బస్సు కండక్టరు కావచ్చు, కిరాణా కొట్టాయన కావచ్చు, దర్జీ, నర్సు, పోస్ట్‌మాన్ ఎవరైనా సరే. వారు రోజంతా చేసే పనులన్నీ అడిగి, ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకోండి. కనీసం పదిహేను వస్తాయి. ఒక్కొక్కదాని ఎదురుగా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ పని యంత్రం చేయగలదా? అది తప్పు చేస్తే ఎవరికి తెలుస్తుంది? వారు ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో మొదట నేర్చుకున్న పని ఇందులో ఏది?

మూడో ప్రశ్న జవాబుల కింద గీత గీయండి. ఆ పనులు యంత్రానికి పోతే, రేపు ఆ వృత్తిలోకి రాదలచినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో మీ తరగతిలో చర్చించండి. దానికి ఇప్పటిదాకా పెద్దవాళ్ల దగ్గర కూడా సరైన జవాబు లేదు. ఆ నిచ్చెన ఎక్కవలసింది మీరు కాబట్టి, అడిగే హక్కు అందరికన్నా ముందు మీకే ఉంది.